షాతో గయ్యార్ కోట ఎందుకు పడిపోయింది? కట్టడంలో లోపమా, కాపాడవలసినవారి లోపమా?

దుర్గాన్వేషి:

సభ్యులందరికీ నమస్కారం. ఫ్రాన్సు ఉత్తర భాగంలో, నార్మండీ ప్రాంతంలో, సేన్ నది పెద్ద వంపు తిరిగే చోట దాదాపు 90 మీటర్ల ఎత్తున్న తెల్లని సుద్దరాతి కొండ మీద షాతో గయ్యార్ అనే శిథిల దుర్గం ఉంది. ఇంగ్లండు రాజు, నార్మండీ ప్రభువు అయిన మొదటి రిచర్డ్ దీనిని 1196లో మొదలుపెట్టి 1198 నాటికి దాదాపుగా పూర్తి చేయించాడు. ఆ కాలపు కోటనిర్మాణ విద్యకు ఇది శిఖరం వంటిదని ఈ విషయం చదివినవారందరూ అంగీకరిస్తారు. అయినా రిచర్డ్ మరణించిన ఐదేళ్లకే, 1204 మార్చి 6న, ఇది ఫ్రెంచి రాజు రెండవ ఫిలిప్ చేతికి చిక్కింది.

నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. అంత తెలివిగా, అంత ఖర్చుతో కట్టిన దుర్గం మొదటి పెద్ద ముట్టడికే ఎందుకు లొంగింది? గోడల్లో లోపం ఉందా, లేక ఆ గోడలను ఒంటరిగా వదిలేసిన రాజులో లోపం ఉందా? కోట నిర్మాణం గురించి తెలిసినవారు, ముట్టడి వృత్తాంతాలు చదివినవారు తమ అభిప్రాయాలను వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. క్లుప్తంగా ముగించనక్కరలేదు, ఈ విషయం విస్తారంగా మాట్లాడుకోదగినది.

నదీతీరం:

దుర్గాన్వేషి గారూ, మంచి చర్చ ఎత్తుకున్నారు. గోడల దగ్గరకు వెళ్లేముందు ఈ కోట ఆ కొండ మీదే ఎందుకు పుట్టిందో చెప్పుకోవాలి. అది తెలియకపోతే మీ ప్రశ్నకు సగం జవాబు జారిపోతుంది.

మూడవ క్రూసేడు యుద్ధం నుంచి తిరిగి వస్తున్న రిచర్డ్ 1192 డిసెంబరులో వియన్నా దగ్గర ఆస్ట్రియా ప్రభువు లియోపోల్డ్‌కు పట్టుబడి, ఆ తరువాత జర్మన్ దేశాలను ఏలే చక్రవర్తి ఆరవ హెన్రీ చెరలో ఉండి, భారీ సొమ్ము చెల్లించే ఒప్పందం మీద 1194 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు. ఈ మధ్యకాలంలో ఫిలిప్ ఊరుకోలేదు. నార్మండీకి తూర్పు వాకిలి వంటి వెక్సాఁ ప్రాంతాన్ని, అందులోని బలమైన జిజోర్ కోటను 1193లో ఆక్రమించుకున్నాడు. 1196 జనవరిలో కుదిరిన సంధి ప్రకారం ఆ కోట ఫిలిప్‌కే మిగిలిపోయింది. అంటే పారిస్ నుంచి సేన్ నది వెంబడి నార్మండీ రాజధాని రూఆన్ దాకా పోయే దారికి అడ్డుగా నిలిచే పెద్ద కోట ఏదీ రిచర్డ్ చేతిలో లేకుండా పోయింది. ఆ లోటు పూడ్చడానికి అతడు ఎంచుకున్న చోటు ఆందెలీ. రూఆన్ అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు.

ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, ఆందెలీలో కోట కట్టరాదని ఆ సంధిలోనే స్పష్టంగా రాసుకున్నారు. రెండవది, ఆ భూమి రూఆన్ ఆర్చిబిషప్ వాల్టర్‌ది. ఆయన ఎంత అభ్యంతరపెట్టినా రిచర్డ్ వినకపోవడంతో, నార్మండీ అంతటా చర్చిలలో ఆరాధనలు నిలిపివేయమని ఆజ్ఞాపించి, పోపు మూడవ సెలెస్టీన్ దగ్గర మొరపెట్టుకోవడానికి రోముకు ప్రయాణమయ్యాడు. చివరకు 1197లో రేవు పట్టణం దియెప్‌తో సహా కొన్ని విలువైన ఆస్తులు ఆర్చిబిషప్‌కు ఇచ్చి రిచర్డ్ ఆందెలీని తనది చేసుకున్నాడు. సంధిని మీరి, మతాధికారిని ఎదిరించి, ఆదాయమిచ్చే రేవును వదులుకుని మరీ ఆ కొండను సంపాదించాడంటే ఆ చోటు విలువ అతనికి ఎంత తెలుసో ఊహించండి.

రాతిపని:

నేను వృత్తిరీత్యా కట్టడాల మనిషిని కనుక ఈ కోట నిర్మాణం గురించి కాస్త ఎక్కువ రాస్తే మన్నించగలరు.

కొండ ఆకారాన్ని ముందు మనసులో పెట్టుకోండి. పడమట నది వైపు కొండ నిట్టనిలువుగా ఉంటుంది, మిగిలిన పక్కలు కూడా ఏటవాలుగా జారిపోతాయి. ఆగ్నేయ దిక్కున మాత్రం ఒక సన్నని మెడ వంటి భూభాగం వెనకనున్న ఎత్తైన మెరకతో ఈ కొండను కలుపుతుంది. శత్రువు బరువైన యంత్రాలతో రాగలిగిన దారి అదొక్కటే. కోట మొత్తం ఆ ఒక్క దారికి ముఖం పెట్టి కట్టినదే.

మెడకు ఎదురుగా, ఓడ ముక్కులాగా ముందుకు పొడుచుకొచ్చిన త్రికోణాకారపు బయటి కోట ఉంది. దానికి గుండ్రని బురుజులు ఉన్నాయి, వాటిలో అన్నిటికంటే పెద్దది సరిగ్గా మొనమీద, దాడిదారికి ఎదురొడ్డి నిలుస్తుంది. దాని వెనక కొండరాతిని తొలిచిన లోతైన అగడ్త. అగడ్త దాటితే మధ్య కోట, అందులో ప్రార్థనామందిరం, ఇతర వసతి గృహాలు. మధ్య కోట లోపల మళ్లీ ఇంకొక అగడ్త, దాని మీద లోపలి కోట, అందులో కొండ అంచున ప్రధాన బురుజు. అంటే శత్రువు ఒక కోటను గెలిచిన తరువాత రెండవ కోటను, దానిని గెలిచిన తరువాత మూడవ కోటను, ఆ పైన బురుజును వేర్వేరుగా గెలవాలి. ఒకటి పడినంత మాత్రాన మిగిలినవి పడవు.

ఈ దుర్గంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది లోపలి కోట ప్రాకారం. అది తిన్నని గోడ కాదు. అర్ధచంద్రాకారపు ఉబ్బులను ఒకదాని పక్కన ఒకటి చేర్చి కట్టిన గోడ. పైనుంచి చూస్తే అలలు అలలుగా కనిపిస్తుంది. బురుజుకీ బురుజుకీ మధ్య తిన్నని గోడ ఉండే మామూలు పద్ధతిలో, ఆ తిన్నని గోడ పాదం దగ్గర పైనున్న విలుకాడికి కనిపించని మూలలు మిగిలిపోతాయి. ఇక్కడ ఉబ్బులే గోడగా మారాయి కాబట్టి అటువంటి చీకటి మూలలు దాదాపు లేవు. అదీగాక, యంత్రాలు విసిరే బండరాయి వంపు తిరిగిన తలానికి తగిలితే దెబ్బ పూర్తిగా పడక పక్కకు జారుతుంది. ఆనాటి ఐరోపాలో ఇలాంటి ప్రాకారాన్ని పోలిన మరొక గోడ చూపించడం చాలా కష్టం.

ప్రధాన బురుజు కూడా మామూలుది కాదు. కొండ అంచు వైపు గుండ్రంగా ఉండి, దాడి వచ్చే వైపు మాత్రం పక్షి ముక్కులాగా కోణంగా ముందుకు సాగుతుంది; అంటే రాళ్లదెబ్బ తగిలే వైపే గోడ మందం పెరుగుతుంది. దాని పాదం ఏటవాలుగా వెడల్పవుతూ దిగుతుంది. బయటి తలం మీద పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే ఆనుగోడలు ఉన్నాయి. వాటి మీద కమానులు వేసి, పాదం దగ్గరకు చేరిన శత్రువు నెత్తిన రాళ్లు వదిలేందుకు సందులు ఉంచారని పరిశోధకులు భావించారు. పై భాగం ఇప్పుడు లేదు కాబట్టి మిగిలిన ఆనుగోడలను బట్టే ఆ మాట చెప్పాలి. పడమటి ఐరోపాలో రాతితో చేసిన అలాంటి ఏర్పాటుకు ఇది చాలా తొలినాటి ఉదాహరణల్లో ఒకటి. తూర్పు దేశాల్లో యుద్ధం చేస్తూ అక్కడి కోటలను ముట్టడించిన అనుభవం రిచర్డ్‌కు ఉన్నదని మరచిపోరాదు.

సందేహి:

రాతిపని గారి వివరణ చదివాక నాకు ఒక సందేహం కలిగింది. ఇంత పని రెండేళ్లలో ఎలా సాధ్యమైంది? ఆ కాలంలో ఒక పెద్ద కోట పూర్తికావడానికి పదేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా పట్టేదని చదివాను. ఖర్చు ఎంత అయిందో లెక్క ఏమైనా మిగిలిందా?

పాతప్రతి:

లెక్క మిగిలింది, అదే మన అదృష్టం. నార్మండీ ఖజానా పద్దులలో 1198 నాటివి ఈ పని ఖర్చులను చెబుతాయి. ఆ రెండేళ్లకు అయిన మొత్తం సుమారు 12,000 పౌండ్లు. పోలిక కోసం ఒక్క మాట చెబుతాను: తన పాలన మొత్తంలో ఇంగ్లండులోని కోటలన్నింటి మీద కలిపి రిచర్డ్ పెట్టిన ఖర్చు దాదాపు 7,000 పౌండ్లు.

ఆ పద్దులలో రాయి తవ్వేవారు, రాయి చెక్కేవారు, సున్నం కాల్చేవారు, వడ్రంగులు, కమ్మరులు, నీళ్లు మోసేవారు, బండ్లు తోలేవారు, అగడ్త తొలిచేవారు, పనివారికి కాపలాగా నిలిచిన సైనికులు, అందరి కూలీలూ కనిపిస్తాయి. కనిపించనిది ఒక్కటే, ఈ పనికంతటికీ పెద్ద మేస్త్రీ పేరు. అందువల్లనే రూపకల్పన రిచర్డ్ స్వయంగా చేసి ఉంటాడని కొందరు చరిత్రకారులు అభిప్రాయపడ్డారు. అతడు ఆ చివరి సంవత్సరాల్లో ఎక్కువకాలం ఆందెలీలోనే గడిపి పనులు దగ్గరుండి చూసుకున్నాడు. 1198 మేలో అక్కడ పని జరుగుతుండగా రక్తపు వాన కురిసిందని, తోడున్నవారు దాన్ని అపశకునంగా భావించినా రిచర్డ్ లక్ష్యపెట్టక పని సాగించాడని న్యూబర్గ్ విలియం రాశాడు. వాన ఎర్రగా ఎందుకు ఉన్నదన్నది వేరే సంగతి, పని ఎంత ఆత్రంగా సాగిందో చెప్పడానికి ఈ వృత్తాంతం చాలు.

నదీతీరం:

ఒక ముఖ్యమైన విషయం ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఆ 12,000 పౌండ్లు కొండ మీది గోడలకు మాత్రమే ఖర్చయినవి కావు. కొండ కింద నది ఒడ్డున రిచర్డ్ ప్రాకారంతో కూడిన ఒక కొత్త పట్టణం కట్టించాడు. నేడు దానిని చిన్న ఆందెలీ అంటారు. నది మధ్యనున్న దీవి మీద ఒక చిన్న కోట కట్టించి, దానిని వంతెనలతో ఒడ్డుకు కలిపించాడు. కొండ పాదం దగ్గర నదికి అడ్డంగా మూడు వరుసల దుంగలు పాతించి పడవలు రాకుండా చేశాడు. ఎగువన మరొక దీవి మీద బూతవాఁ అనే ఠాణా కూడా వెలిసింది. అంటే షాతో గయ్యార్ ఒక పెద్ద ఏర్పాటులోని పైమెట్టు మాత్రమే. నది, దీవి, పట్టణం, కొండ, ఈ నాలుగూ కలిస్తేనే అది కోట.

ఈ ఏర్పాటు శత్రువును శాశ్వతంగా ఆపడానికి కట్టింది కాదని, రూఆన్ నుంచి సైన్యం వచ్చి వెనకనుంచి తాకేదాకా నిలబెట్టడానికి కట్టిందని నా దృఢ అభిప్రాయం. రిచర్డ్ బతికి ఉన్నంతకాలం ఆ సైన్యం వచ్చి తీరుతుందని ఫిలిప్‌కు తెలుసు. 1199 ఏప్రిల్ 6న షాలూస్ కోట దగ్గర తగిలిన బాణపు గాయంతో రిచర్డ్ మరణించాడు. అప్పుడే ఈ కోటలో సగభాగం పడిపోయిందని నేను అంటాను.

పాతప్రతి:

ఇక ముట్టడి వృత్తాంతానికి వద్దాం. దీనికి మనకున్న ప్రధాన ఆధారం గియోం ల బ్రెతోఁ అనే రచయిత. అతడు ఫిలిప్ ఆస్థానంలోని మతగురువు, ముట్టడి సమయంలో అక్కడ ఉన్నవాడు. విజేత పక్షం మనిషి రాసినది కాబట్టి పొగడ్తలు వడగట్టి చదవాలి.

1203 ఆగస్టులో ఫిలిప్ సేన్ ఒడ్డుకు చేరాడు. మొదట నదిలోని దుంగల అడ్డును తన ఈతగాళ్ల చేత తెగగొట్టించాడు, పడవలను పక్కపక్కన కట్టించి వంతెన వేయించాడు. అప్పుడు, రిచర్డ్ తరువాత ఇంగ్లండు రాజైన అతని తమ్ముడు జాన్ ఒక సాహసానికి ఆజ్ఞ ఇచ్చాడు. విలియం మార్షల్ నాయకత్వంలో ఒక దండు రాత్రివేళ ఒడ్డున ఉన్న ఫ్రెంచి శిబిరాన్ని తాకాలి. అదే సమయానికి దిగువ నుంచి పడవలు వచ్చి ఆ వంతెనను విరగ్గొట్టి దీవి కోటకు రసదు చేర్చాలి. నేల మీది దండు అనుకున్న సమయానికే వచ్చి శిబిరాన్ని చెల్లాచెదురు చేసింది. పడవలు మాత్రం ఏటికి ఎదురు తెడ్డు వేయవలసి రావడంతో ఆలస్యమయ్యాయి. ఫ్రెంచివారు తేరుకుని దివిటీల వెలుగులో మార్షల్ దండును తరిమారు. పడవలు వచ్చేసరికి తెల్లవారింది, అవీ ఓడి వెనుదిరిగాయి. ఆ తరువాత గోబేర్ అనే ఈతగాడు నిప్పు మోసుకుపోయి దీవి కోట దుంగలగోడకు అంటించాడు. దీవి లొంగింది. ఆ వెంటనే పట్టణపు జనం ఇళ్లు వదిలి కొండ మీదికి పరుగెత్తారు, ఫ్రెంచివారు పట్టణాన్ని ఆక్రమించుకున్నారు.

జాన్ ఇంకొక ప్రయత్నం చేయలేదు. 1203 డిసెంబరులో నార్మండీ విడిచి ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. ఫిలిప్ కొండ చుట్టూ రెండు వరుసల కందకాలు తవ్వించి, మధ్య మధ్య చెక్క బురుజులు లేపి, చలికాలమంతా కదలక కూర్చున్నాడు.

తీరవాసి:

కోట గోడల గురించి ఇంత మాట్లాడుకున్నాక ఆ గోడల బయట చనిపోయినవారి గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. నేను ఆ కొండ ఎక్కి చూసి వచ్చినవాణ్ణి. కోటకీ పట్టణానికీ మధ్యనున్న ఆ ఏటవాలు మీద నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది వాళ్లే.

పట్టణం నుంచి కొండ మీదికి చేరిన జనం వెయ్యికి పైగా ఉన్నారు. కోటకు అధిపతిగా ఉన్న రోజర్ ద లేసీ సమర్థుడైన యోధుడు. తన దగ్గరున్న తిండిగింజలు ఇంతమందికి సరిపోవని లెక్కవేసుకుని, పోరాడలేనివారిని రెండు విడతలుగా బయటకు పంపాడు. ఫ్రెంచివారు వారిని తమ వరుసల గుండా పోనిచ్చారు. కోటలో తినే నోళ్లు తగ్గితే ముట్టడి పొడుగవుతుందని గ్రహించిన ఫిలిప్ ఇకముందు ఎవరినీ పోనివ్వవద్దని ఆజ్ఞాపించాడు. మూడవ విడతలో బయటకు వచ్చినవారి మీద ఫ్రెంచివారు బాణాలు వేశారు. వెనక్కి తిరిగితే కోట తలుపు మూసి ఉంది. చలికాలంలో, కోటకీ ముట్టడి వరుసలకీ మధ్య, ఆకులూ గడ్డీ తిని, తలదాచుకునే చోటు లేక వాళ్లు వారాల తరబడి పడి ఉన్నారు. చాలామంది చనిపోయారు. చివరకు ఫిలిప్ స్వయంగా వచ్చినప్పుడు వారి గోడు విని, అన్నం పెట్టించి విడిచిపెట్టాడు. రెండు సైన్యాల నాయకులూ యుద్ధనీతి ప్రకారమే నడిచామని చెప్పుకోగలరు. ఆ వాలు మీద నిలబడ్డాక ఆ సమాధానం నాకు ఏమాత్రం సరిపోలేదు.

దుర్గాన్వేషి:

తీరవాసి గారూ, ఆ సంగతి గుర్తుచేసినందుకు ధన్యవాదాలు. రాతిపని గారిని ఒక ప్రశ్న అడగదలచాను. 1204 ఫిబ్రవరి తరువాత అసలు దాడి మొదలైనప్పుడు మూడు కోటలూ వరుసగా పడిపోయాయి కదా. కోటలో కట్టడపు లోపం ఏదీ లేకపోతే అది ఎలా జరిగింది?

రాతిపని:

లోపాలు ఉన్నాయి. నేను పైన ఎంత మెచ్చుకున్నానో ఇప్పుడు అంత నిక్కచ్చిగా చెబుతాను.

బయటి కోట మొనమీది బురుజు దగ్గర ఫ్రెంచివారు అగడ్తను మట్టితో, చెట్లతో పూడ్చడం మొదలుపెట్టారు. పూర్తిగా పూడేదాకా ఆగలేక నిచ్చెనలతో లోపలికి దిగి, అవతలి గట్టుకు నిచ్చెనలు చాలకపోతే మెత్తని సుద్దరాతిలో బాకులతో, కత్తులతో మెట్లు తొలుచుకుంటూ పైకెక్కి, బురుజు పాదంలో సొరంగం తవ్వి దానికి నిప్పుపెట్టి కూల్చారు. ఇక్కడ నేను రిచర్డ్‌ను తప్పుపట్టను. సుద్దరాయి తవ్వడానికి సులువు. అందుకే రెండేళ్లలో అగడ్తలు తొలవగలిగారు. అదే గుణం శత్రువుకూ ఉపయోగపడింది. రాయి అందరిదీ.

మధ్య కోట పతనం మాత్రం సిగ్గుపడవలసిన విషయం. ప్రార్థనామందిరం పక్కన జాన్ కాలంలో కట్టిన భవనం ప్రాకారాన్ని ఆనుకుని ఉంది. దాని కిటికీ ఒకటి బయటివైపు కాపలా లేకుండా ఉండగా కొద్దిమంది ఫ్రెంచి సైనికులు దాని గుండా లోపలికి దూరారని ఒక కథనం, మరుగుదొడ్డి కాలువ గుండా పాకి వచ్చారని మరొక కథనం. లోపలికి చేరినవారు పెద్దగా అరుస్తూ చప్పుడు చేశారు. కాపుదళం కంగారుపడి ఆ భవనానికి నిప్పుపెట్టింది, గాలికి ఆ మంట తమ మీదికే వచ్చింది, లోపలి కోటలోకి పారిపోవలసి వచ్చింది. కోటను కాపాడవలసిన రాజు చేర్చిన భవనమే కోటకు చేటు తెచ్చింది. కంచే చేను మేయడం అంటే ఇదే.

మూడవ లోపం రూపకల్పనలోనే ఉంది, నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇది. లోపలి కోట అగడ్తను తొలిచేటప్పుడు గుమ్మం ముందు రాతిని తొలవకుండా సహజమైన రాతివంతెనగా వదిలేశారు. ఎత్తి దించగల చెక్క వంతెన వేసుంటే శత్రువు గుమ్మం ముందు నిలబడటానికి నీడ ఉండేది కాదు. ఆ రాతివంతెన కింద దాక్కుని ఫ్రెంచి సొరంగకారులు గోడ పాదాన్ని తొలిచారు. కాపుదళం లోపలి నుంచి ఎదురు సొరంగం తవ్వి వారిని తరిమింది. కాని రెండు వైపుల నుంచి తొలిచిన ఆ చోట గోడ గుల్లబారింది. అప్పుడు ఒక పెద్ద యంత్రం విసిరిన బండరాళ్లకు అది కూలిపోయింది. అలలు అలలుగా ఉన్న ప్రాకారం రాళ్ల దెబ్బకు పడలేదు, దాని కింద నేల తొలిచారు కాబట్టి పడింది.

మిగిలినవారు ప్రధాన బురుజులోకి వెళ్లకుండానే, అక్కడ పోరాడకుండానే పట్టుబడ్డారు. వాళ్లు 20 మంది అశ్వయోధులు, 120 మంది ఇతర సైనికులు. బురుజు చాలా చిన్నది, దాని గుమ్మం ఇరుకు, అంతమంది అందులో కొన్ని రోజులకు మించి తలదాచుకోగలిగేవారు కారని నా అభిప్రాయం.

నదీతీరం:

రాతిపని గారు చెప్పినవన్నీ నిజమే, అయినా నా వాదన మారదు. ఆ లోపాలను ఫిలిప్ ఎప్పుడు వాడుకోగలిగాడు? బయటి దండు రాదని తెలిసిన తరువాత. నెలల తరబడి కందకాలు తవ్వి, చెక్క బురుజులు లేపి, అగడ్త పూడ్చి, సొరంగాలు తొలవడానికి అతనికి సమయం ఎవరిచ్చారు? జాన్ ఇచ్చాడు. వెనకనుంచి సైన్యం వస్తుందన్న భయం ఉండి ఉంటే, చలికాలంలో నది ఒడ్డున అన్ని నెలలు అతడు కూర్చోగలిగేవాడా?

ఇంకొక మాట. దీవి కోట, పట్టణం పడిపోయిన రోజే కొండ మీది కోట తన పనిలో సగం కోల్పోయింది. నది తెరుచుకున్నాక ఆ కోట దేనికి అడ్డు? ఫిలిప్ దాన్ని వెనక వదిలి ముందుకు పోలేడు కనుక ముట్టడించాడు, అంతే. అది పడిన మూడున్నర నెలలకు, 1204 జూన్ 24న, రూఆన్ నగరం లొంగిపోయింది. నార్మండీ ఇంగ్లండు రాజుల చేతిలోంచి పోయింది.

రాతిపని:

నదీతీరం గారితో ఇక్కడ పూర్తిగా ఏకీభవించలేను. దండు రాకపోతే ముట్టడి పొడుగవుతుంది, ఒప్పుకుంటాను. కాని కాపుదళం ఆకలితో లొంగలేదని గమనించండి. రోజర్ ద లేసీ అంత కఠినమైన నిర్ణయం తీసుకుని తిండి మిగుల్చుకున్నది కోట నిలబడుతుందన్న నమ్మకంతోనే. అసలు దాడి మొదలైన కొద్ది వారాల్లోనే మూడు ప్రాకారాలూ పోయాయి. రాతివంతెన, కిటికీ లేకపోయి ఉంటే ఆ వారాలు నెలలయ్యేవి. ఆ నెలల్లో ఏం జరిగేదో మనం చెప్పలేము, కాని కాపుదళానికి ఆ నెలలు దక్కవలసింది. దక్కనివ్వనిది కట్టడం.

సందేహి:

ఇద్దరి మాటా చదివాక నాకు రెండూ నిజమేననిపిస్తోంది. ఒకటి ఎప్పుడు పడుతుందో నిర్ణయించింది, మరొకటి పడక తప్పని స్థితి తెచ్చింది. 1204 తరువాత ఆ కోట ఏమైంది? గోడలను బాగుచేశారా?

పాతప్రతి:

ఫ్రెంచి రాజులు దానిని తమ కోటగా మార్చుకున్నారు. 1314లో వ్యభిచార నిందకు గురైన ఇద్దరు రాజకుటుంబపు కోడళ్లు మార్గరీట్, బ్లాంష్ అక్కడ బందీలుగా ఉన్నారు. మార్గరీట్ 1315లో మరణించింది. స్కాట్లండు నుంచి వలస వచ్చిన బాలరాజు రెండవ డేవిడ్ 1334 నుంచి 1341 దాకా ఆ కోటలో ఆశ్రయం పొందాడు. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సాగిన నూరేళ్ల యుద్ధంలో చివరి దశకు అది చేతులు మారుతూ వచ్చింది: 1419లో ఇంగ్లీషువారు, 1430లో లా ఇర్ అనే ఫ్రెంచి సేనాని, కొద్దికాలానికే మళ్లీ ఇంగ్లీషువారు, 1449లో చివరిసారిగా ఫ్రెంచివారు.

ఆ తరువాత యుద్ధం అక్కడికి రాలేదు. 16వ శతాబ్ది చివరికి శిథిలమై ఉన్నా, ఎవరైనా తిరుగుబాటుదారులు దూరి కూర్చుంటారన్న భయంతో స్థానిక ప్రతినిధులు కూల్చివేత కోరగా ఫ్రెంచి రాజు నాలుగవ హెన్రీ 1599లో అందుకు ఆజ్ఞ ఇచ్చాడు. దగ్గరి సన్యాసులు రాళ్లు తీసుకుపోవడానికి అనుమతి పొందారు. నేడు మిగిలినది ఆ మిగులు. 1862లో దానిని రక్షిత కట్టడంగా గుర్తించారు.

తీరవాసి:

బయటి కోట గోడల మొండెం, దాని వెనక అగడ్త, లోపలి కోట అలల గోడ కొంతభాగం, ప్రధాన బురుజు, ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. రాతిపని గారు చెప్పిన రాతివంతెన కూడా అక్కడే ఉంది. దాని మీదుగానే నేను లోపలి కోటలోకి వెళ్లాను. కింద అగడ్తలోకి చూస్తే సొరంగకారులు ఎక్కడ దాక్కున్నారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

దుర్గాన్వేషి:

అందరికీ ధన్యవాదాలు. పాతప్రతి గారూ, 1419లో కోట ఎలా లొంగిందో చెప్పగలరా? అప్పుడు రాతివంతెనా కాదు, కిటికీ కాదు కదా.

పాతప్రతి:

రెండూ కావు. ఇంగ్లండు రాజు ఐదవ హెన్రీ సైన్యం ముట్టడిస్తుండగా ఆ కోట ఫ్రెంచివారి చేతిలో ఉంది. గోడలు నిలిచే ఉన్నాయి. కొండ పైనుంచి నీటిమట్టం దాకా ఎంత లోతు ఉంటుందో తెలిసిందే, అంత లోతు బావిలోంచి నీరు తోడాలంటే పొడవైన మోకు కావాలి. ఎడతెగని వాడకంతో ఉన్న మోకులన్నీ అరిగి తెగిపోయాయి. కొత్తవి తెచ్చుకునే దారి లేదు. నీళ్లు బావిలోనే ఉన్నాయి, తోడుకునే తాడు లేదు. 1419 డిసెంబరులో కాపుదళం కోట తలుపు తెరిచింది.